వీకెండ్ ఫామ్‌స్టేకి థెరపీ అని పేరు పెట్టకండి

కనకపుర, దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి... బెంగళూరు నుంచి ఎటు వెళ్లినా ఇప్పుడు 'ఫ్యామిలీ హీలింగ్ ఫామ్' బోర్డులే. పిల్లల చేత రెండు మొక్కలు నాటించి, ఆవుకి గడ్డి పెట్టించి, ఫొటోలు పంపిస్తే అది పిక్నిక్. పిక్నిక్ మంచిదే. కానీ ఆటిజం ఉన్న బిడ్డని వెంటబెట్టుకుని ఆశగా వచ్చిన తల్లిదండ్రులకి దాన్నే థెరపీ అని అమ్మడం అన్యాయం. బెంగళూరులోనే ఉన్న జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పునరావాస విభాగంలో తోటపని ఉంది, అదెలా నడుస్తుందో వెళ్లి చూడొచ్చు కదా!

థెరపీ కావాలంటే ముందు పొలం పనుల వరస సెషన్ల వరసతో కలవాలి. మడంతా ఒకేరోజు తోటకూర చల్లేస్తే, మూడోవారం వచ్చిన పిల్లాడికి కలుపు తీయడం తప్ప పనేం ఉండదు. విసుగొచ్చి ఇక రానంటాడు. మడిని నాలుగు భాగాలు చేసి వారానికొకటి విత్తండి. తోటకూర, మెంతికూర 25-30 రోజుల్లో చేతికొస్తాయి కాబట్టి ఐదోవారం నుంచి వచ్చిన ప్రతిసారీ విత్తడం, నీళ్లు పోయడం, కోయడం మూడూ ఉంటాయి. కోసిన కట్ట ఆ పిల్లాడి ఇంటికే వెళ్లాలి.

తోటకూర విత్తనం మరీ సన్నం, చెమట చేతికి అంటుకుపోతుంది. వేళ్ల పట్టు లేని పిల్లలకి ముందు అనప గింజలో చిక్కుడు గింజలో ఇవ్వండి. ట్రేలో కొబ్బరిపొట్టు నింపడం, వేలి మొదటి కణుపు దాకా గుంట, గుంటకో గింజ, పైన పొట్టు, నీళ్లు. ఒక్కో మెట్టుకి ఒక్కో బొమ్మ గీసి ఎదురుగా పెట్టండి. తడిమట్టి తగిలితేనే ఏడ్చే పిల్లలుంటారు. దయచేసి వాళ్ల చెయ్యి పట్టి బురదలో ముంచకండి! ముందు గరిటతో, తర్వాత గ్లౌజుతో, ఆ తర్వాతే ఉత్త చేత్తో పొడి కంపోస్టు. ఏ మెట్టు ఎప్పుడన్నది ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే నిపుణులు) చెప్పాలి, ఫామ్ మేనేజర్ కాదు.

జీవామృతం అనే ద్రవ ఎరువు తయారీ కూడా సెషన్ల వరసతో కలవాలి. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5-10 లీటర్ల గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి 2 కిలోల చొప్పున, గుప్పెడు గట్టుమట్టి, నీడలో 48 గంటలు. గురువారం కలిపితే శనివారం కుటుంబాలొచ్చేసరికి సిద్ధం. చేతులు నోట్లో పెట్టుకునే పిల్లల్ని మాత్రం ఆ డ్రమ్ము దగ్గరికి రానివ్వొద్దు. కోతకొచ్చిన ఆకుకూరకి అది అసలు పోయొద్దు.

నాకు అన్నిటికన్నా భయం కృషి హొండ, అంటే పొలంలో తవ్విన నీటికుంట. ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటలో పడితే జారుడుకి పెద్దవాళ్లే పైకి రాలేరు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నీళ్లంటే విపరీతమైన ఆకర్షణ, రెప్పపాటులో పరిగెత్తేస్తారు. చుట్టూ కంచె, తాళమేసిన గేటు, లోపలికి వేలాడే ముడుల తాడు లేనిచోట ఒక్క సెషన్ కూడా పెట్టకూడదు. కంచె పక్కన గన్నేరు, ఆముదం లాంటి విషపు మొక్కలు తీసేయించండి. వయ్యారిభామని పూతకి రాకముందే గ్లౌజులేసుకుని పీకేయాలి, ఆ పుప్పొడి ఆయాసం ఉన్నవాళ్లకి పడదు.

పిల్లాడు థెరపిస్టుతో మడి దగ్గరున్న ఆ గంట అమ్మకి ఏ పనీ చెప్పకండి. చెట్టు కింద కూర్చోనివ్వండి, పడుకోనివ్వండి.

ఇక కుటుంబాలకి ఒక మాట. డబ్బు కట్టేముందు సైకాలజిస్టుకి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. మీ ఇంట్లోవాళ్లు ఏ మందులు వాడుతున్నారో ఫామ్‌వాళ్లు అడుగుతున్నారా చూడండి. బైపోలార్ లాంటి మానసిక సమస్యకి లిథియం మందు వాడే మనిషి ఎండలో చెమటోడ్చి నీళ్లు సరిగా తాగకపోతే రక్తంలో మందు పెరిగి ప్రాణం మీదికొస్తుంది. 'మందులు మానేయండి, మట్టే మందు' అన్నారా, కారు వెనక్కి తిప్పేయండి.