ముందు ఫిజియో ఉంటే కదా!

కాలేజీ క్రీడాకారుల కోసం ఫిజియో (ఫిజియోథెరపిస్టు), మానసిక నిపుణుడు కలిసి పనిచేయాలన్న వ్యాసం బాగుంది. మా విశాఖలో చాలా కాలేజీల్లో పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారే కోచ్, దెబ్బ తగిలితే ఐస్ పెట్టేదీ ఆయనే!

అమెరికాలో ఆటగాళ్ల గాయాలు చూసే అథ్లెటిక్ ట్రైనర్ల సంఘం 2013లోనే చెప్పింది: మానసిక ఇబ్బంది ఉన్న ఆటగాళ్లలో ఎవరిని, ఎప్పుడు, ఎవరి దగ్గరకు పంపాలో ముందే రాసిపెట్టుకోమని. అసలు కిటుకు అదే. మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయిన పిల్ల మళ్లీ ఆడటానికి 9 నెలలైనా పట్టొచ్చు. ‘నిద్ర పట్టట్లేదు సార్’ అని రోజూ వ్యాయామం చేయించే ఫిజియోకే చెప్తుంది, సర్జన్‌కి కాదు. అలాగని ఆయనే కౌన్సెలింగ్ మొదలెట్టకూడదు, విన్నదంతా కోచ్ చెవిన వేయనూ కూడదు. జట్టును ఎంపిక చేసేది కోచే మరి.

ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) నుంచి చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పెద్ద దూరమేం కాదు. ఆ గేటు దగ్గర ఎవరైనా చూస్తారేమోనన్నదే భయం. కనీసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు డ్రెస్సింగ్ రూముల్లో అతికించండి, ఖర్చేం కాదు.