రోజూ పోవాల్సిన వైద్యం అంత దూరంలో ఉంటే ఎట్లా?

మా అక్కకు డిప్రెషన్. మందులు రెండు రకాలు మార్చారు, జాన్‌పహాడ్ దర్గాలో కందూరు కూడా చేశాం, అయినా మంచం దిగదు, బిడ్డకు జడ వెయ్యడం కూడా మానేసింది. చివరికి హైదరాబాద్‌లో డాక్టరు టీఎంఎస్ (అయస్కాంత శక్తితో మెదడుకు చేసే వైద్యం) చేద్దామన్నారు. "తలకు కరెంట్ షాక్ పెట్టిస్తవారా" అని మా మేనమామ నాతో మాట్లాడటమే బంద్ చేశాడు.

అది షాక్ కాదు. షాక్ ట్రీట్‌మెంట్‌లో మత్తిచ్చి ఫిట్స్ తెప్పిస్తారు (అది కూడా పనికొచ్చే వైద్యమే, దాని మీదా లేనిపోని భయాలే). ఇందులో మత్తు లేదు, కోత లేదు. తలకు ఆనించిన తీగచుట్టలో కరెంటు పారితే పుట్టే అయస్కాంత శక్తి పుర్రె దాటి లోపల మెదడు కణాలను ఉత్తేజపరుస్తుంది. మొదటి రోజు ఎంత డోసు ఇవ్వాలో చూడడానికి ఆ తీగచుట్టను తలకు ఎడమవైపు పెట్టినప్పుడు అక్క కుడిచేతి బొటనవేలు దానంతటదే ఎగిరింది, చూసి నాకు ఏడుపొచ్చింది. టకటకమని చప్పుడు, రెండు రోజులు తలనొప్పి, అంతే. ఫిట్స్ వచ్చేది చాలా అరుదు, ఆపరేషన్‌లో తల లోపల లోహపు క్లిప్పులు పెట్టినవాళ్లకు మాత్రం చెయ్యరు. డిప్రెషన్‌కు అమెరికా 2008లోనే దీన్ని అనుమతించింది.

నా బాధంతా వేరే. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు, ముప్పై సార్లు కూర్చోవాలి. ఒక్కోసారి అరగంట. ఆ అరగంట కోసం మొదటి వారం నల్గొండ నుంచి రోజూ తెల్లారి బస్సెక్కాం, అక్కకు ఓపిక లేక తర్వాత ఎల్బీనగర్‌లో మేనత్త ఇంట్లో ఉన్నాం. మేనత్త లేనివాళ్లు ఏం చెయ్యాలి? ఒంటి జబ్బుల్లాగే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 చట్టం చెప్తుంది, ఆసుపత్రిలో అడ్మిట్ కాలేదని మాకు ఒక్క రూపాయి రాలేదు.

అక్కకు పూర్తిగా తగ్గిందని చెప్పను, ఇది అందరికీ పనిచేయదు కూడా. కానీ నాలుగో వారం శనివారం ఇంటికొస్తుంటే చౌటుప్పల్ దాటాక "ఆకలైతుందిరా" అంది. ఏడాదిన్నర తర్వాత ఆ మాట విన్నాను.

వారానికి రెండు మూడుసార్లు పేషెంటును పట్నం తిప్పలేమనే కదా డయాలసిస్ మెషిన్లు జిల్లా ఆసుపత్రులకు తెచ్చారు, మరి వారానికి ఐదుసార్లు పోవాల్సిన దీన్ని నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎందుకు పెట్టరు? మొన్న పాలమూరు నుంచి ఒక దోస్తు తమ్ముడి కోసం ఫోన్ చేశాడు. ఎన్ని రోజులు అన్నాడు. ఆరు వారాలు అన్నాను. "కూలి పోతది కదనే" అని పెట్టేశాడు.