బాత్‌రూమ్‌లోంచి ఓటీపీ

ఇంటాయన తలకి షాంపూ పట్టించే ముహూర్తానికే కొరియర్ అబ్బాయి వస్తాడు. "ఏవండీ, ఓటీపీ అడుగుతున్నాడు!" అని గుమ్మంలోంచి కేక. "ఫోన్ టీవీ పక్కన ఉంది, చూసి చెప్పేయ్!" అని లోపల్నుంచి జవాబు. ఫోన్‌కి లాకు. ఆ నాలుగంకెలూ లోపల్నుంచే వినిపిస్తాయి. పై వాటా వాళ్లకి కూడా కంఠతా వచ్చాక ఓటీపీ చేరవలసిన చెవిన చేరుతుంది.

ఆయన తువ్వాలుతో వచ్చి పెట్టె విప్పితే ఇరవై వేల ఫోన్‌కి బదులు అంట్లు తోమే సబ్బు బిళ్లలు రెండు.

సబ్బే ఎందుకు? గోడౌన్లలో పార్శిల్‌ని తూకం వేస్తారు. డబ్బా, ఛార్జరుతో కలిపి ఫోన్ ఎంత తూగుతుందో దాదాపు అంతే తూగేది లోపల ఉంటే ఎవరికీ అనుమానం రాదు. బద్ధకస్తుడైన దొంగ ఆ శ్రమా పడడు. అందుకే లేబుల్ మీద బరువు వేసి ఉంటే, విప్పకముందే వంటింటి కాటా మీద పెట్టి ఫొటో తీసుకోవాలి.

ఓటీపీ అంటే సంతకం. చెప్పారంటే సరుకు అందిందని రాసిచ్చినట్టే. ఖరీదైన వాటికి ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే ఎంచుకోవాలి: అబ్బాయే ఎదురుగా విప్పుతాడు, చూసుకున్నాకే అంకెలు చెప్పాలి. తేడా ఉంటే తీసుకోనని అక్కడే వెనక్కి పంపాలి.

ఆ సదుపాయం లేకపోతే వీడియోనే దిక్కు. టేపు కోయకముందే మొదలెట్టాలి. పెట్టె ఆరు వైపులూ, లేబుల్ మీది ట్రాకింగ్ నంబరూ, కోయడం, లోపలి వస్తువు, దాని ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కి ఒక్కటిగా ఉండే గుర్తింపు సంఖ్య), అన్నీ మధ్యలో ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. మన ఇళ్లలో తీసే వీడియోలో మొదటి నిమిషం సీలింగ్ ఫ్యాను, తర్వాత బామ్మ మోచెయ్యి, "జరగవే, కనపడట్లేదు" అన్న మాటలు ఉంటాయి. టేపు అప్పటికే కోసేసి ఉంటుంది. "పరిశీలించాం, చింతిస్తున్నాం" అని కంపెనీ జవాబిస్తుంది.

ఈలోపు ఆ ఇంటి పుత్రరత్నం ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి పట్టుకుంటాడు. అవతలివాడు మహా మర్యాదస్తుడు. రీఫండ్ కోసం ఏదో యాప్ వేసుకోమంటాడు, యూపీఐ పిన్ కొట్టమంటాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, అది పోవడానికే. పోయిందా, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. కస్టమర్ కేర్ నంబరు కావాలంటే కొన్న యాప్‌లోనే వెతకాలి.

ఫిర్యాదు కూడా ఆ యాప్‌లోనే పెట్టి నంబరు రాసుకోవాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అదీ కుదరకపోతే మనం ఉంటున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్; 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు.

అన్నీ సవ్యంగా జరిగి, కంపెనీ దిగొచ్చి, వచ్చిన సరుకు తిరిగి తీసుకెళ్లడానికి మనిషిని పంపిస్తుంది. పెట్టె అడుగుతాడు. బామ్మ అందులో ఎండుమిరపకాయలు పోసింది. సబ్బులు అడుగుతాడు. సింకు దగ్గర్నుంచి ఒకటిన్నర బిళ్ల తెచ్చిస్తారు, తడిగా.