రంగుల పుస్తకం గారికి, ఒక గుడ్లగూబ తరఫున

మహారాజశ్రీ అడల్ట్ కలరింగ్ బుక్ గారికి,

పెద్దవాళ్లు రంగులు నింపుకునే బొమ్మల పుస్తకమైన మీకు విజయవాడ నుంచి మీ కస్టమరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ ఉభయుల్లో ఒకరికి నిన్నటి నుంచి బీపీ, ఇంకొకరికి నడుం దగ్గర బంక వదిలి ఒక కాగితం బయటికొచ్చేసింది. కాబట్టి ఆ మాట వదిలేద్దాం.

నిన్న ఆదివారం. భోజనాలయ్యాయి, అంట్లు సింకులో పడ్డాయి, అత్తయ్యగారు సీరియల్ ముందు కునుకు తీస్తున్నారు. సరిగ్గా రెండున్నరకి మీ 14వ పేజీ తెరిచాను. నెమలి. బెంగళూరు నుంచి మా అమ్మాయి పుట్టినరోజుకి పంపిన 24 ఆల్కహాల్ మార్కర్ల డబ్బా విప్పి, నెమలికి నెమలికంఠం రంగే వేశాను. ఎంత బాగా వచ్చిందండీ! గీతలు కనపడకుండా పట్టుచీర కొంగులా నున్నగా పరుచుకుంది. ఒక్కటి చెప్పాలి, మీ నల్ల గీతలు కరగలేదు. జపాన్‌వాళ్లు 1987లో కోపిక్ మార్కర్లు తెచ్చిందే ఫోటోకాపీ గీతలను కరిగించని ఇంకుతో. నావి అంత ఖరీదైన జాతివి కావు, అయినా కరగలేదు. సంతోషం. ఆ సంతోషంలోనే పేజీ తిప్పాను.

13వ పేజీలో నా గుడ్లగూబ ఉంది.

మూడు వారాలండీ దాని మీద. ఇటుక రంగు, గంధం రంగు, కాఫీపొడి రంగు, చింతపండు రంగు, ఉల్లిపొర రంగు. ఒక్కో ఈకకీ పెన్సిల్ చెక్కి, కింద లేతగా ఒక పొర, పైన ముదురుగా ఇంకో పొర. కళ్లలో మెరుపు కోసం రెండు చుక్కలు తెల్లగా వదిలేశాను. ఫొటో తీసి అక్కచెల్లెళ్ల గ్రూపులో పెడితే, ఎప్పుడూ దండం బొమ్మ తప్ప ఇంకేమీ పెట్టని మా పెద్దక్క కూడా "బావుందే" అని మాటల్లో రాసింది. అలాంటి గుడ్లగూబ నుదుటి మీంచి ముక్కు దాకా, వెనక నెమలి మెడ ఎంత మేర ఉందో అంత మేరా, పచ్చగా తేలింది. ఆ తెల్ల చుక్కలు కూడా పచ్చబడ్డాయి.

చూసుకోకుండా వేసిందని మాత్రం నన్ను అనకండి. నేను మా ఆయనలాంటిదాన్ని కాను, మిక్సీ కొన్నా ముందు పుస్తకం చదువుతాను. మీ చివర "రంగులు పరీక్షించుకునే పేజీ" అని ఒకటుంది కదా, నలభై ఎనిమిది గళ్లతో? దానిమీద 24 మార్కర్లూ వరసగా రుద్దాను. కింద చిన్నచిన్న అక్షరాలతో పేర్లు రాసుకున్నాను. డబ్బా మీద అన్నీ నంబర్లే ఉన్నాయి, 58 అంటే ఏ పచ్చో ఎవరికి తెలుసు? చిలకపచ్చ, మామిడిచిగురు, నెమలికంఠం అని రాసుకుంటే ఏ చీరో గుర్తొస్తుంది. పది నిమిషాలు ఆరబెట్టి వెనక్కి తిప్పి కిటికీ దగ్గర వెలుతురులో చూశాను. ఒక్క చుక్క దిగలేదు. అప్పుడే మీమీద నమ్మకం కుదిరింది.

ఎందుకు దిగుతుంది? అది పేజీ కాదు. అట్ట. మీ వెనక అట్ట లోపలి వైపు, పైన నున్నటి పూత ఉన్న అట్ట. లోపలి పేజీల మీద వేయాల్సిన రంగుని అట్టమీద పరీక్షించుకోమన్నారు మీరు! బియ్యం కొట్లో గుప్పెడు సోనామసూరి అరచేతిలో పోసి, "చూడండమ్మా, ముత్యాలు" అని చెప్పి, ఇంటికి పంపే బస్తాలో రేషన్ బియ్యం కుట్టినట్టు. కొట్టువాడైతే మర్నాడు వెళ్లి అడగొచ్చు. మిమ్మల్ని అడగడానికి ఎక్కడికి రావాలి? కస్టమర్ కేర్‌లో చాటింగ్ చేశాను. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము, వాడేసిన వస్తువును వెనక్కి తీసుకోలేము" అని జవాబు. రంగులు వేసే పుస్తకాన్ని రంగు వేయకుండా ఎలా వాడతారో అని అడిగాను. సంభాషణ ముగిసింది, దయచేసి రేటింగ్ ఇవ్వండి అన్నారు.

మా అమ్మాయికి ఫోన్ చేస్తే, "అమ్మా, కింద అట్టముక్క పెట్టుకోవాలని తెలీదా?" అంది. తెలుసు తల్లీ, పెట్టాను. అట్టముక్క 12వ పేజీని కాపాడింది. అదే కాగితం వీపుని ఏ అట్టముక్క కాపాడుతుంది? ఆల్కహాల్ ఇంకు కాగితం మీద కూర్చునే రకం కాదు, పీచులోకి దిగి పాకే రకం. సారా ఆవిరైపోతుంది, రంగు లోపలే ఉండిపోతుంది. అందుకే దాని కోసం విడిగా పూత వేసిన మార్కర్ పేపర్ అమ్ముతారు. ఇది నాకు నిన్న సాయంత్రం తెలిసింది. మీకు పుట్టకముందే తెలిసుండాలి. మరి ముఖచిత్రం మీద బంగారు అక్షరాలతో "పెన్సిళ్లకు, జెల్ పెన్నులకు, మార్కర్లకు అనుకూలం, ప్రీమియం థిక్ పేపర్" అని ఎవరు రాయించారండీ?

థిక్ అన్నారే గానీ అంకె వేయలేదు. సరే, నేనే తేల్చాను. ఎలాగూ బంక వదిలి ఆ కాగితం చేతిలోకి వచ్చేసింది కదా, తీసుకెళ్లి వంటింట్లో త్రాసు మీద పెట్టాను. కేకు పిండికని కొని ఇడ్లీ రవ్వకి వాడుతున్న త్రాసు. ఐదు గ్రాములు చూపించింది. మీరు ఏ4 సైజు. ఏ4 కాగితాలు పదహారు పరిస్తే ఒక చదరపు మీటరు. పదహారైదులు ఎనభై. చదరపు మీటరుకి ఎనభై గ్రాములు, అంటే ఎనభై జీఎస్‌ఎం! మా ఆయన బ్యాంకులో లోను దరఖాస్తులు ప్రింటు తీసే కాగితం కూడా ఎనభయ్యే. వాటర్ కలర్ పేపర్ మూడొందల జీఎస్‌ఎం ఉంటుంది, అంత అడగను. కానీ ప్రీమియం? పూర్ణం బూరె అని పేరు పెట్టి పూర్ణం లేకుండా వేయించినట్టుంది.

ఈయన వచ్చి, త్రాసు మీద గుడ్లగూబను చూసి, ఏమీ అడక్కుండా మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

మిగతావన్నీ నేను భరించాను. మీ పేరుని భరించాను. పార్సిల్ వచ్చిన రోజు ఈయన హాల్లో నిలబడి బిల్లు పైకి చదివారు, "అడల్ట్..." దగ్గర కళ్లజోడు కోసం ఆగారు. అత్తయ్యగారు టీవీ సౌండ్ తగ్గించారు. ఆ కళ్లజోడు దొరికే లోపల మా ఇంట్లో గడిచిన అర నిమిషాన్ని మీకు ఎలా చెప్పను?

ఒత్తిడి తగ్గిస్తారన్నారు. ఆవగింజ పట్టని గళ్లతో మండలం అనే గుండ్రటి ముగ్గులాంటి డిజైను ఇచ్చారు, నలభై ఏడేళ్ల కళ్లకి. అమెరికాలో 2005లో ఇద్దరు పరిశోధకులు 84 మంది విద్యార్థుల మీద చూశారట. ఖాళీ కాగితం మీద బొమ్మ వేసుకున్నవాళ్ల కంటే, మండలానికో గళ్ల డిజైనుకో రంగులు నింపినవాళ్లకి ఆందోళన ఎక్కువ తగ్గిందట. నిజమే అయ్యుంటుంది. మొదటి రెండు వారాలు నాకూ తగ్గింది. ఆ 84 మందికీ కాగితం వెనకాల గుడ్లగూబ ఉందా అన్నది ఎవరైనా అడిగితే బాగుండు.

రంగుల సంగతి మీ తప్పు కాదు గానీ, పనిలో పని. స్కెచ్ పెన్ను ఒకేచోట రెండుసార్లు రుద్దితే మీ ఒళ్లంతా ఉండలు కట్టింది, మొదటిసారి నలుగు పెట్టించుకున్నవాళ్లలా. జెల్ పెన్ను ఆరలేదు, దాని మెరుపులు నా మణికట్టు మీదుగా పూరీ పిండిలోకి వెళ్లాయి. పెన్సిళ్ల డబ్బాలో "స్కిన్" అని రాసిన పెన్సిల్ మా ఏడు తరాల్లో ఎవరి చర్మానికీ నప్పదు. నిజం చెప్పాలంటే మీమీద పెన్సిలే బాగా పడుతుంది, మీకు కొంచెం గరుకుంది, మైనాన్ని పట్టుకుంటారు. అందుకే గుడ్లగూబ అంత బాగా వచ్చింది. అందుకే ఈ ఏడుపు.

ఇప్పుడు గౌరవాలు పక్కన పెట్టి ఒక మాట అడుగుతాను, విను.

శ్రీకాళహస్తి కలంకారీ ఆయన ఒకసారి ఎగ్జిబిషన్‌లో మా ముందే కూర్చుని గీసి చూపించాడు. ఆయన పని చేసేది గుడ్డ మీద. గుడ్డ! నీళ్లచుక్క పడితే జానెడు పాకే వస్తువు. చేతిలో ఉన్నది వెదురుపుల్ల, కొసకి చుట్టిన గుడ్డపేలికలోంచి దిగే కసిమి. ఇనపముక్కలూ బెల్లమూ నీళ్లలో రోజుల తరబడి ఊరేసి తీసిన నల్లరంగు అది. అయినా గీసిన గీత గీసినచోటే ఉంది. ఎలా అని అడిగితే చెప్పాడు, ముందే గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారట. పాలలో కొవ్వు రంగుని పాకనివ్వదు. ఏ మెషినూ లేని రోజుల్నించి ఉన్న తెలివి ఇది. మా అమ్మ సంక్రాంతికి ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెట్టి, రంగులు నింపి, వాకిలంతా రథం తీర్చేది. ఆ రంగు భూమికి అవతలి వైపు ఎవరి వాకిట్లోనూ తేలిందని ఫిర్యాదు రాలేదు.

నిన్ను గేదెపాలలో మునగమన్నానా? కాగితానికి రెండో వైపు ఖాళీగా వదలమంటున్నాను, అంతే! ఒక వైపు బొమ్మ, రెండో వైపు తెలుపు. వంద బొమ్మలు అని చెప్పుకోవాలని రెండు వైపులా కుక్కావు. యాభై కాగితాలకి వంద బొమ్మలు. ఎవడడిగాడు వంద? మూడు వారాలకొక గుడ్లగూబ చొప్పున వంద పూర్తి చేయాలంటే నాకు దాదాపు ఆరేళ్లు పడుతుంది! 2015లో ప్రపంచమంతా మీ జాతి పుస్తకాల వెంటపడింది, ఆ మరుసటి ఏడాది జర్మనీలో ఫేబర్ కాస్టెల్‌వాళ్లు రంగు పెన్సిళ్లు చాలక అదనపు షిఫ్టులు నడిపారని పేపర్లో వచ్చింది. పెన్సిళ్లు చేసేవాళ్లు రాత్రిళ్లు నిద్ర మానుకున్నారు. నువ్వు ఒక్క వైపు ఖాళీ వదల్లేకపోయావు. పైగా పరీక్షించుకోమని అట్ట చూపిస్తావా? సిగ్గుండక్కర్లేదూ?

నీకు నాలుగున్నర నక్షత్రాలున్నాయి. నిన్న రాత్రి కూర్చుని అన్నీ చదివాను. ఐదు నక్షత్రాలు వేసినవాళ్లలో ఒకాయన రాశాడు, "ప్యాకింగ్ సూపర్, ఇంకా తెరవలేదు."

నేను ఒకటి వేద్దామని వేలు పెట్టాను. పెట్టి, వేయలేదు. ఎందుకో అడక్కు. 31వ పేజీలో మందారం ఉంది, మా పుట్టింటి ప్రహరీ మీదికి వాలే ముద్దమందారం లాంటిదే. ఎవరు గీశారో గానీ కేసరం చివర పుప్పొడి దాకా గీశారు. ఆ గీసిన చేతిమీద నాకు కోపం లేదు. కాగితం ఎంపిక చేసిన చెయ్యి వేరే అయ్యుంటుంది.

ఇట్లు,
13వ పేజీ తాలూకు మనిషి

తా.క. ఈ ఉత్తరం రాస్తుండగానే అత్తయ్యగారు ఊడిన కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "గుడ్లగూబ బొమ్మ ఇంట్లో ఏమిటే" అంటారేమో, లక్ష్మీదేవి వాహనమని చెబుదామని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ, "ఏమ్మాయ్, దీనికి కామెర్లా? నెత్తిన పసరు పోశారేం?" అన్నారు. తర్వాత నిన్ను కూడా తీసుకున్నారు. గంటన్నర నుంచి నువ్వు ఆవిడ ఒళ్లోనే ఉన్నావు. సీరియల్ దాని మానాన అది నడుస్తోంది. అడిగితే "ఈ ఒక్క రేకూ అయ్యాక ఇస్తా" అంటున్నారు. మందారానికి పసుపు పచ్చ వేస్తున్నారు, నేనేమీ అనలేదు. 32వ పేజీలో ఏముందో ఇంకా చూడలేదు ఆవిడ. మార్కర్ల డబ్బా బీరువా పైన పెట్టాను, స్టూలు వేసుకున్నా అందదు.