వసూలుకు మోసుల్ చుట్టమే

గల్ఫ్ ఎయిర్‌పోర్టులో దిగినవాళ్లకు అరబీ అక్షరాలు వస్తే ఒక తమాషా కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో ‘అరైవల్స్’ అని రాసిన బోర్డు మీదే అరబీలో ‘అల్ వుసూల్’ అని ఉంటుంది. మన వసూలే! చిట్టీ డబ్బుల వసూలు, ఇంటిపన్ను వసూలు, కొత్త సినిమా తొలిరోజు వసూళ్లు... వీటన్నిటి మూలమాటకు అక్కడ అర్థం చేరుకోవడం, అంతే.

అరబీలో మాట పుట్టే తీరే వేరు. మనం చేరు, చేరిక, చేరువ అని వెనక తోకలు తగిలిస్తాం. వాళ్లు సాధారణంగా మూడు హల్లుల్ని అలాగే ఉంచి, నడుమ అచ్చుల్ని మారుస్తారు, అవసరమైతే ముందో వెనకో ఇంకో అక్షరం చేరుస్తారు. ఇక్కడ ఆ మూడూ వ, స, ల. (ఈ ‘స’ను మనకంటే కాస్త బరువుగా పలుకుతారు.) వసల అంటే చేరాడు. వస్ల్ అంటే కలయిక. విసాల్ అంటే ప్రేమికుల కలయిక. ఉర్దూ గజళ్లలో ఎంత ఏడుపో దీనికోసం. సూఫీ గురువు కన్నుమూసినా విసాల్ అనే అంటారు, దేవుడిలో కలిశాడని. ఇత్తిసాల్ అంటే సంబంధం, ఫోన్ కాల్ కూడా. తౌసీల్ అంటే డెలివరీ. అక్కడ బైక్ మీద భోజనం పార్సిళ్లు మోసే మన కుర్రాళ్ల చెవిన రోజూ పడే మాట అది.

ఇరాక్‌లోని మోసుల్‌దీ ఇదే వంశం. అరబీలో అల్ మౌసిల్, కలిపే చోటు అని. టైగ్రిస్ ఒడ్డున దారులు కలిసే ఊరు. 2014లో ఐసిస్ చేతికి చిక్కి, 2017లో బయటపడేదాకా వార్తల్లో నలిగింది. మస్లిన్ బట్టకు పేరు వచ్చింది ఈ ఊరినుంచే అంటారు. నేత ఢాకాది, పేరు మోసుల్‌ది!

మరి ఇంత చుట్టరికం ఉన్న మాట మన దగ్గర డబ్బుకే ఎందుకు అతుక్కుపోయింది? అది ప్రేమికుల దారిలో రాలేదు, దఫ్తరం దారిలో వచ్చింది. పారశీకం రాజభాషగా ఉన్న రోజుల శిస్తు లెక్కల్లో జమ, వాసిల్, బాకీ అని మూడు పద్దులు. రావలసింది, చేరింది, మిగిలింది. నేటి రెవెన్యూ ఆఫీసుల ‘డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్’ పట్టిక అదే. రైతు చేతిలోంచి పోయిన డబ్బును ‘చేరింది’ అని రాసుకున్నది ఖజానా. మాట కూడా ఖజానా వైపునుంచే మనకు అందింది.

దీన్ని పరాయిమాట అని తీసేద్దామనేవాళ్లతో నాకు పేచీ ఉంది. ‘రాబట్టడం’లో ఇచ్చేవాడి మొండితనం వినిపిస్తుంది, ‘సేకరణ’లో మర్యాద ఎక్కువ. మామూళ్లను ఎవరైనా సేకరిస్తారా? పైగా ఊరు ఊళ్లయినట్టే వసూలు కూడా వసూళ్లయింది. అరబీ వ్యాకరణం గడప దాటలేదు.

ఇంకో సంగతి. వసూలైనందుకు ఇచ్చే రసీదు అరబీ కాదు, పారశీకం. రసీద్ అంటే ‘చేరింది’ అనే. రెండు భాషల్లో ఒకే ముక్క రాసి ఇచ్చాక కూడా మన పెద్దలు కిందన ఇంకోటి చేర్చేవారు: పైకం ముట్టినది.