ప్రింటర్‌కీ ఓ పక్కా ఇల్లు కావాలి

పేదలకు పక్కా ఇళ్లిస్తామని చెప్పని ప్రభుత్వం లేదు. రాజాంలో మా ఆఫీసు ప్రింటర్ గోడు మాత్రం ఏ మేనిఫెస్టోలోనూ రాలేదు. పాపం, దానిది ఎప్పుడూ అద్దె బతుకే.

ఆఫీసు నెట్‌వర్కులో దాని చిరునామా ఓ నంబరు, ఐపీ అడ్రసు అంటారు. రౌటర్ దానికి ఆ నంబరు లీజుకిస్తుంది. ఈ పద్ధతినే డీహెచ్‌సీపీ అంటారు. కరెంటు పోయి వచ్చిందంటే నిన్న 192.168.1.14లో ఉన్నది ఇవాళ 192.168.1.23లో తేలుతుంది. కంప్యూటర్లు పాత గుమ్మం ముందే నిలబడి పిలిచి పిలిచి, 'ఆఫ్‌లైన్' అని రాసి చేతులు దులుపుకుంటాయి. "మళ్లీ ఎలిపోనాది బాబూ" అంటాడు అటెండరు, ప్రింటర్ ఉన్నచోటే ఉన్నా. రౌటర్ అసలు పలక్కపోతే 169.254తో మొదలయ్యే నంబరు తనకు తానే రాసేసుకుంటుంది. బంజరులో గుడిసె అన్నమాట. పట్టా ఉండదు, బయటికి దారీ ఉండదు.

ప్రతి సెక్షన్‌లోనూ ఓ ఉత్సాహవంతుడుంటాడు. మావాడు ప్రింటర్ ప్యానెల్‌లో 'మాన్యువల్' నొక్కి 192.168.1.10, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1 కొట్టి, "పర్మనెంట్ చేసేశాను" అని ప్రకటించాడు. రౌటర్ అందరికీ పంచే నంబర్లలోనే ఆ 10 కూడా ఉందని చూసుకోలేదు. మధ్యాహ్నం సూపరింటెండెంట్ గారి ఫోన్ వైఫైలోకి వచ్చింది. దానికీ అదే నంబరు. ఒకే ప్లాటుకి రెండు పట్టాలు! భూమి మీదైతే ఇలాంటి కేసు తాత వేస్తే మనవడు తిరుగుతాడు. ఇక్కడలా కాదు, సారు వాట్సాప్ ఆగిన క్షణంలోనే విచారణ మొదలైంది.

నిజానికి ఇది ఐదు నిమిషాల పని. ప్రింటర్ కాన్ఫిగరేషన్ పేజీ తీస్తే మ్యాక్ అడ్రసు, అంటే దానికి తయారీలోనే ఇచ్చిన గుర్తింపు, దొరుకుతుంది. అంకెలూ అక్షరాలూ కలిపి 12. దాన్ని రౌటర్‌లో నమోదు చేసి, ఫలానా నంబరు ఈ ప్రింటర్‌కే అని రిజర్వు చేసి, కంప్యూటర్లలో పోర్టు, అంటే ప్రింటర్‌ని ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగు, ఆ నంబరుకి మారిస్తే సరి. కానీ అంత పని చేస్తే ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపు ఏం కావాలి? పెన్‌డ్రైవు వంకతో తాగే టీ ఏం కావాలి? "ప్రింటర్ పనిచెయ్యట్లేదండీ, రేపు రండి" అన్న మాటకున్న పరువేం కావాలి? (ఆ షాపు ప్రింటర్‌కి అసలు ఐపీ అడ్రసే లేదు. యూఎస్‌బీ వైరు, అంతే. రోజంతా కొడుతూనే ఉంటుంది.)

అయినా మేం ప్రయత్నలోపం చెయ్యలేదు. రౌటర్ పాస్‌వర్డు తెలిసిన ఒకే ఒక్క ఉద్యోగి బదిలీ మీద పాలకొండలో ఉన్నారు. 2022 ఏప్రిల్‌కి ముందు రాజాం, పాలకొండ రెండూ శ్రీకాకుళం జిల్లాయే కాబట్టి ఫోన్ కొడితే సరిపోయేది. ఇప్పుడు మేం విజయనగరం, ఆయన పార్వతీపురం మన్యం. రెండు జిల్లాల వ్యవహారాన్ని నోటిమాట మీద నడపకూడదని, లేఖ రాయాలని నిర్ణయించాం. డ్రాఫ్టు ఓకే అయింది. సంతకానికి పెట్టాలంటే మూడు కాపీలు ప్రింటు తియ్యాలట.