లినక్స్ లోడర్ గారికి: లేనివన్నీ ఒకేసారి చెప్పొచ్చు కదండీ

మహారాజశ్రీ ఎల్‌డి డాట్ ఎస్‌ఓ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇక్కడ కుశలం లేదండి. లినక్స్‌లో ఏ ప్రోగ్రామ్ మొదలైనా దానికి కావాల్సిన లైబ్రరీలు (ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైళ్లు) వెతికి అందించే లోడర్ తమరే కదా. నిన్న సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశా, ఇవాళ పాత స్కానర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేస్తే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ ఎస్‌ఓ డాట్ 1.1 అనే, నెట్ సంభాషణని గుప్తంగా ఉంచే లైబ్రరీ ఫైలే లేదని తమరు సెలవిచ్చారు. పక్కనే డాట్ 3 ఉంది కదా సార్ అంటే ఊహూ, చివర నంబర్ మారితే లోపల సరుకు మారినట్టేనట. సరే, రూల్ మంచిదే. 3కి 1.1 అని మారుపేరు పెట్టే సిమ్‌లింక్ కొట్టెయ్ అని సలహాలిచ్చేవాళ్లు ఉంటారు, లోపలి వెర్షన్ ముద్ర చూసి తమరు దాన్నీ వెనక్కి పంపేస్తారని వాళ్లకి తెలీదు పాపం.

పాత ప్యాకేజీలోంచి ఆ ఫైల్ పీకి తెచ్చా. అప్పుడు లిబ్‌టిఫ్ 5 (బొమ్మల ఫైళ్లు చదివే లైబ్రరీ) లేదన్నారు. అదీ తెచ్చా. ఆ లిబ్‌టిఫ్‌కి లిబ్‌వెబ్‌పీ 6 (ఇదీ బొమ్మలదే) కావాలట, అది లేదన్నారు. సర్కారీ ఆఫీసు కౌంటర్లో ఒక్కో కాగితం పేరు చెప్పి రేపు రమ్మంటారే, అచ్చం అలాగే.

పోనీ తమరికి లిస్ట్ తెలీదా అంటే ఎందుకు తెలీదు? ఎల్‌డిడి కమాండ్ కొడితే లేనివి వరసగా వచ్చేస్తాయి (లేని ఫైల్‌కి ఇంకేం కావాలో అది దొరికాకే తెలుస్తుందనుకో), ఆ ఎల్‌డిడి ఏమో చిన్న షెల్ స్క్రిప్ట్, అది వెళ్లి అడిగేది నిన్నే! అంటే చాలావరకు తెలిసే నన్ను తిప్పావన్నమాట. ఆదివారం మధ్యాహ్నమంతా పోయింది, తెలుసా నీకు? ఫైల్ కళ్లముందే ఉన్నా ఎల్‌డికాన్ఫిగ్ (లైబ్రరీల జాబితా తాజా చేసే కమాండ్) కొట్టలేదని లేదంటావ్, ఆ గొడవ ఇప్పుడొద్దులే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు ఒక్క లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ మార్చి సర్వీసులు రీస్టార్ట్ చేస్తే దాన్ని వాడే ప్రోగ్రాములన్నీ బాగుపడ్డాయి. లైబ్రరీలన్నీ ఎవరికి వాళ్లు మూటకట్టుకొచ్చే ఆప్‌ఇమేజ్‌లైతే ఒక్కోదాని తలుపు తట్టుకుంటూ తిరగాల్సిందే. అందుకే నిన్ను పూర్తిగా తిట్టలేకపోతున్నా.

ప్రస్తుతానికి ఆ పాత ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో పడేసి, ఎల్‌డి లైబ్రరీ పాత్ (ముందు ఏ ఫోల్డర్‌లో వెతకాలో చెప్పే సెట్టింగ్) ఆ స్కానర్ ఒక్కదానికే ఇచ్చా. నడుస్తోంది. ఆ పాత లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కి 2023లోనే ఉచిత సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి దానికి నెట్ మాత్రం తగలనివ్వట్లేదు. కొత్త లైబ్రరీతో మళ్లీ బిల్డ్ చేయని ఆ కంపెనీకి వేరే లేఖ ఉంది, అందులో గారూ గీరూ ఉండవు.

ఇట్లు,
లిబ్‌వెబ్‌పీ తర్వాత ఇంకేం అడుగుతావో అని భయపడ్డవాడు